ఒక పాత హారం లెక్క తేలేదెలా: బంగారు తీగ, ముత్యపు చిప్ప, నూరేళ్ల వయసు

2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలను తాకిన దగ్గర్నుంచి మన ఇళ్లలో బీరువా అడుగున పడి ఉన్న నగలు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. కాసులపేరో, వంకీయో, రెండు పేటల గొలుసో అయితే పెద్ద పేచీ ఉండదు. వన్నె చూస్తారు, తూకం వేస్తారు, తరుగు తీసేసి డబ్బు చేతిలో పెడతారు. చిక్కంతా ఇంకో రకం నగతో. ఎప్పుడో తాతగారి అన్న రంగూన్ నుంచి తెచ్చారనో, ఎవరో దొరసాని మెచ్చి ఇచ్చిందనో ఇంట్లో కథ చెప్పుకునే హారం అది. సాలెగూడంత సన్నటి బంగారు తీగల అల్లిక, ఆ అల్లికల నడుమ గులాబీ, ఆకుపచ్చ ఛాయలు కదిలే పాలరంగు బిళ్లలు.

దాన్ని మూడు కొట్లకు తీసుకెళ్తే మూడు మాటలు వినిపిస్తాయి. "ఇందులో ఏముందమ్మా, అంతా గాలేగా" అంటాడు ఒకాయన. "ఇది యాంటిక్, దీనికి మేం ధర కట్టలేం" అంటాడు రెండో ఆయన. "బంగారమే కాదు, పూత" అని తేల్చేస్తాడు మూడో ఆయన. తమాషా ఏమిటంటే ముగ్గురూ నిజమే చెబుతూ ఉండొచ్చు. మొదటాయన తూకం చూశాడు, రెండో ఆయన పనితనం చూశాడు, మూడో ఆయన పైపొర చూశాడు. ఇలాంటి హారం విషయంలో పని ఏమిటి, లోహం ఏమిటి, తెల్లబిళ్ల ఏమిటి, వయసెంత అనేవి దేనికది విడి ప్రశ్నలు. ఒకదానికి దొరికిన జవాబు రెండోదానికి పనికిరాదు. గొడవలన్నీ ఈ నాలుగింటినీ కలగాపులగం చేయడం వల్ల వచ్చేవే.

మన కొట్లలో 'యాంటిక్' అంటే వయసు కాదు

ముందు ఈ మాట సంగతి తేల్చుకుందాం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నగల దుకాణంలో 'యాంటిక్ సెట్టు చూపించండి' అంటే పోయిన నెల తయారైన హారాన్ని తెచ్చి ముందు పెడతారు. మెరుపు తగ్గించి, సందుల్లో కాస్త నల్లదనం మిగిల్చి, గుడి శిల్పాల పోలికతో చేసిన నగకు అక్కడ ఆ పేరు. ఎక్కువగా అది నక్షి పని, అంటే రేకును వెనక నుంచి కొట్టి లక్ష్మీదేవిని, నెమళ్లను ఉబికేలా చేసే పని. అందులో మోసమేమీ లేదు. అది ఒక 'ఫినిషింగ్' పేరు, అంతే.

వేలంపాటల వాళ్లు, చాలా దేశాల కస్టమ్స్ వాళ్లు ఆ మాటను నూరేళ్లు దాటిన వస్తువుకు వాడతారు. అంతకన్నా కుర్రదైన పాత నగను వాళ్లు 'వింటేజ్' అంటారు. మన దేశ చట్టంలో ఇంకో మాట ఉంది, 'యాంటిక్విటీ'. దాని సంగతి చివర్లో చూద్దాం. అక్కడ నూరేళ్ల గీత చాలా గట్టిది. ప్రస్తుతానికి ఒకటి గుర్తుంచుకుంటే చాలు: నగ నల్లగా ఉండటానికీ ముసలిదై ఉండటానికీ సంబంధం లేదు. బంగారు వన్నె ఎక్కువగా ఉన్న నిజమైన పాత నగ చాలాసార్లు పసుపుముద్దలా మెరుస్తూనే ఉంటుంది.

కమ్మచ్చు నుంచి కుంపటి దాకా

ఫిలిగ్రీ అనే మాట లాటిన్‌లోని రెండు మాటల నుంచి వచ్చింది, ఒకటి దారం, రెండోది గింజ. పేరులోనే పని మొత్తం ఉంది: దారంలాంటి తీగ, గింజల్లాంటి చిన్న గుండ్లు. తెలుగులో తీగపని అంటే సరిపోతుంది. మనకు దగ్గర ఉదాహరణ కరీంనగర్ వెండి తీగపని. ఎలగందులలో వేళ్లూనుకుని కరీంనగర్ పట్టణానికి తరలివచ్చిన ఈ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కటక్‌లో దీన్నే తారకశి అంటారు. దానికి ఆ గుర్తింపు 2024లో దక్కింది. పోర్చుగల్‌లో గొండొమార్, ఇటలీలో కాంపో లిగూరె వంటి ఊళ్లు కూడా ఇదే పనితో బతికాయి. లోహం వెండైనా, బంగారమైనా పని క్రమం ఒకటే.

లోహాన్ని కరిగించి కడ్డీ పోస్తారు. ఆ కడ్డీని కమ్మచ్చు అనే రంధ్రాల పలకలోంచి, పెద్ద రంధ్రం నుంచి చిన్న రంధ్రానికి లాగుతూ పోతారు. లాగేకొద్దీ తీగ బిరుసెక్కుతుంది, మధ్యమధ్యలో ఎర్రగా కాల్చి మెత్తబరచకపోతే తెగుతుంది. వెంట్రుకకు కాస్త లావుగా వచ్చాక రెండు తీగలను కలిపి తాడులా పేనుతారు. తర్వాత ఆ పేనిన తీగను చదును చేస్తారు. అసలు కిటుకు ఈ చదును చేయడంలోనే ఉంది. పేనిన మెలికలు నలిగి తీగ అంచు వెంబడి వరసగా సన్నటి పళ్లలా తేలతాయి. ఆ అంచును పైకి ఉండేలా నిలబెడితే వెలుగు ఒకచోట నిలవదు, వందల చుక్కలుగా చెదురుతుంది. తీగపని నగ కదిలినప్పుడల్లా గలగలమన్నట్టు మెరిసేది అందుకే.

ఇక లావు తీగతో ఆకు, పువ్వు, చుక్క ఏదో ఒక చట్రం కడతారు. సన్నతీగను పట్టకారు మొనతో చుట్టలు చుట్టి చట్రంలో ఇరికిస్తారు. అతుకు పెట్టేదాకా ఇవన్నీ కదలకుండా ఉండాలి. గురివింద గింజను నీళ్లతో అరగదీస్తే వచ్చే బంకతో తీగలను, గుండ్లను నిలబెట్టడం మన కంసాలుల పాత పద్ధతి. బంగారం తూచిన గింజే బంగారాన్ని అతికించడానికీ పనికొచ్చిందన్నమాట. పైన వెలిగారం, అతుకు వేసే లోహపు పొడి అయిన టంకం చల్లి మంట ఊదుతారు. టంకం కరగాలి, తీగ కరగకూడదు. ఈ రెండింటి మధ్య ఉండేది రెప్పపాటు. ఒక్క క్షణం ఆలస్యమైతే మూడు రోజుల అల్లిక బంగారు బొట్టుగా ముడుచుకుపోతుంది.

ఆ బొట్టుగా ముడుచుకునే గుణాన్నే గుండ్లు చేయడానికి వాడుకుంటారు. తీగను చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి బొగ్గు మీద పరిచి వేడి చేస్తే ప్రతి ముక్కా దానంతటదే గుండ్రటి పూస అయిపోతుంది.

భూతద్దం కింద కనిపించే తేడా

చేత్తో చేసిన తీగపనికి ఇద్దరు నకిలీ చుట్టాలున్నారు. ఒకటి అచ్చుపోత. అసలు నగ నుంచి మైనపు అచ్చు తీసి లోహం పోస్తారు. రెండోది పలచటి రేకును యంత్రంతో నొక్కి తీగల్లా కనిపించేలా చేసిన పని.

పదిరెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం కింద అసలు పనిలో చుట్ట మొదలు ఎక్కడో, కొస ఎక్కడో తెలుస్తుంది. చుట్ట పక్క చుట్టకు తగిలిన చోట టంకం చిన్న వంతెనలా కనిపిస్తుంది. ఏ రెండు చుట్టలూ అచ్చంగా ఒకేలా ఉండవు. కుడి ఆకులో ఏడు మెలికలుంటే ఎడమ ఆకులో ఏడున్నర ఉంటుంది. పోత నగలో తీగ పళ్లు మొద్దుబారి, మైనం కరిగిన కొవ్వొత్తి అంచుల్లా ఉంటాయి. సందుల్లో సూదిమొనంత గుంటలుంటాయి. నొక్కుడు నగను తిప్పి చూస్తే వెనక్కి బోలుగా, ముందు గీతలన్నీ వెనక గాడులుగా కనిపిస్తాయి.

మరో ఆనవాలు కూడా ఉంది, ఇది కాస్త బాధపెట్టేది. ఎప్పుడో తెగిన చోట ఎవరో సీసం కలిసిన టంకంతో అతికించి ఉంటే అక్కడ బూడిదరంగు మచ్చ ఉంటుంది. నగను మళ్లీ గట్టిగా వేడి చేస్తే ఆ సీసం చుట్టుపక్కల బంగారాన్ని తినేస్తుంది. తీగపనిలో తినడానికి మిగిలేది ఎంతని?

బంగారం కరువు పుట్టించిన మోజు

బంగారు తీగపని, ముత్యపు చిప్ప కలిసిన హారాల గురించి మాట్లాడేటప్పుడు 1820 నుంచి 1840 దాకా ఇంగ్లండ్, ఫ్రాన్సుల్లో నడిచిన ఒక మోజును దాటి పోలేం. దాన్ని 'కాన్తీయ్' పని అంటారు. పేరు ఎంబ్రాయిడరీ నుంచి వచ్చింది. మన మగ్గం వర్క్ జాకెట్ల మీద కుట్టే స్ప్రింగులాంటి జర్దోసీ తీగ తెలుసు కదా, అచ్చంగా అలాంటిదే. ఆ చుట్టల రూపాన్ని కంసాలులు బంగారంలోకి తెచ్చారు. చదునైన తీగలు, శంఖంలా పైకి లేచే స్ప్రింగు చుట్టలు, మధ్యమధ్యలో గుండ్లు.

అప్పుడే ఎందుకంటే, నెపోలియన్ యుద్ధాలు 1815లో ముగిసేసరికి యూరప్‌లో బంగారం కటకటగా ఉంది. పెద్దగా కనిపించాలి, బరువు మాత్రం ఉండకూడదు. ఈ కోరికకు తీగపని ఎంత నప్పుతుందో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. మేలిమి బంగారం సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు. ఒక్క గ్రామును 0.2 మిల్లీమీటర్ల మందం తీగగా లాగితే దాదాపు 165 సెంటీమీటర్లు వస్తుంది, అంటే ఒక మనిషి నిలువెత్తు. అదే గ్రామును మిల్లీమీటరు మందం రేకుగా కొడితే ఏడు మిల్లీమీటర్ల చదరం, చిటికెన వేలి గోరంత. కూలి చౌక, లోహం ప్రియం అయిన కాలంలో ఏది గెలుస్తుందో వేరే చెప్పాలా?

తర్వాత లెక్క తిరగబడింది. 1840లు వచ్చేసరికి రేకును నొక్కి ఉబికించే పని వేగంగా, చౌకగా తయారై తీగపనిని పక్కకు నెట్టసాగింది. 1848లో కాలిఫోర్నియాలో, 1851లో ఆస్ట్రేలియాలో బంగారం బయటపడ్డాక కరువన్న మాటే పోయింది.

అదే రోజుల్లో ప్యారిస్‌లోని పాలే రాయల్ అంగళ్లు ముత్యపు చిప్ప సామానుకు పేరుమోశాయి. పూతపూసిన లోహపు బిగింపులతో చిప్ప పెట్టెలు, కుట్టుపని సరంజామా అక్కడ దొరికేవి. చిప్ప తెలుపు పక్కన పసుపు తీగ బాగా పలుకుతుంది, పైగా చిప్ప బిళ్ల హారంలో చోటు నింపుతుంది, బంగారం అడగదు. అయితే చిప్ప ఉంది కాబట్టి ప్యారిస్ నగే అనుకుంటే పొరపాటు. బెత్లెహేములో చిప్ప చెక్కేవాళ్లున్నారు. గుజరాత్‌లో 16వ శతాబ్దంలోనే చిప్ప పలకలు తాపడం చేసిన పెట్టెలు, పళ్లేలు తయారై పోర్చుగీసు ఓడల్లో యూరప్ చేరాయి. ఊరు తేల్చడానికి చిప్ప ఒక్కటే చాలదు.

ముత్యం కాదు, ముత్యం పుట్టిల్లు

హైదరాబాద్ ముత్యాల ఊరు కావడంతో మనవాళ్లకు ఇక్కడ ఒక తికమక ఉంది. 'మదర్ ఆఫ్ పెర్ల్' అని రశీదులో చూసి అది ముత్యాల్లో గొప్ప రకమేమో అనుకునేవాళ్లు ఉన్నారు. అది ముత్యం కాదు. ఆల్చిప్ప లోపలివైపు ఉండే మెరిసే పొర. మన వాడుకలో ముత్యపు చిప్ప.

పదార్థంగా చూస్తే మాత్రం రెండూ ఒకటే. దాదాపు నూటికి 95 పాళ్లు కాల్షియం కార్బొనేట్, మిగతాది దాన్ని పట్టి ఉంచే మాంసకృత్తుల జిగురు. అర మైక్రాను మందం ఉండే పలకలు ఇటుకల గోడలా పేర్చి ఉంటాయి. ఒక్కో పొర నుంచి తిరిగొచ్చే వెలుగులు ఒకదానితో ఒకటి కలిసి, కొన్ని రంగులు బలపడి, కొన్ని ఆరిపోతాయి. సబ్బు బుడగ మీద రంగులు కదిలే కారణమే ఇక్కడా. ఆల్చిప్ప తనలో చొరబడిన దాని చుట్టూ ఆ పొరను గుండ్రంగా పేర్చితే ముత్యం, గోడకు పూసుకుంటూ పోతే చిప్ప. గోడ చాలా దొరుకుతుంది, గుండ్రటి ముత్యం అరుదు. ధరలో తేడా అక్కడ.

చిప్ప మెత్తటిది. గోరుకు గీత పడదు కానీ ఇనుప మొనకు పడుతుంది. ఆమ్లానికి అసలు ఆగదు. వెండి గిన్నెలు తోమినట్టు చింతపండుతోనో, నిమ్మచెక్కతోనో రుద్దితే బంగారం తళతళలాడుతుంది, చిప్ప మాత్రం కరిగి మొద్దుతెలుపుగా మారుతుంది. పోయిన మెరుపు తిరిగి రాదు, ఎందుకంటే పోయింది మురికి కాదు, పై పలకలే. మెరుగు పెట్టేవాళ్ల ఆమ్లపు గిన్నెలో ముంచితే అంతకన్నా అన్యాయం: చిప్ప పాడవుతుంది, తీగ నుంచి బంగారమూ కొంత ఆ గిన్నెలోనే ఉండిపోతుంది.

మంటకు కూడా చిప్ప నిలవదు. ఈ ఒక్క విషయం నగ చరిత్రను చాలావరకు విప్పుతుంది. బంగారు టంకం కరిగే వేడిలో చిప్పలోని జిగురు మాడిపోతుంది. అందుకే తీగపని మొత్తం పూర్తయి, చల్లారి, శుభ్రమయ్యాకే బిళ్లను గూట్లో పెట్టి అంచునో, కొక్కేలనో చేత్తో నొక్కుతారు. బిళ్ల అంచు గోధుమరంగులో కమిలి ఉంటే తర్వాతెవరో పక్కన మంట ఊదారన్నమాట. గూడుకీ బిళ్లకీ మధ్య పారదర్శకంగా గట్టిపడిన ఎపాక్సీ జిగురు కనిపిస్తే ఆ బిళ్ల మన కాలంలో మళ్లీ అతికించింది.

చిప్పకూ నకిలీలున్నాయి. చేపపొలుసుల మెరుపు కలిపిన ప్లాస్టిక్కు, సెల్యులాయిడు వంటివి. అసలు చిప్పను చెంపకు ఆనిస్తే చల్లగా తగులుతుంది, వెనకవైపు పెరుగుదల గీతలు, ఒక్కోసారి పురుగు తొలిచిన సన్నటి బెజ్జాలు ఉంటాయి. ప్లాస్టిక్కు వెనకా ముందూ ఒకేలా, మరీ ముచ్చటగా ఉంటుంది.

ముప్పై గ్రాముల హారం, నాలుగు ధరలు

ఇప్పుడు ఒక హారాన్ని ఊహించుకుని లెక్క వేద్దాం. మొత్తం తూకం 30 గ్రాములు. తొమ్మిది చిప్ప బిళ్లలు, ఒక్కోటి రెండు సెంటీమీటర్ల వెడల్పు, మిల్లీమీటరు మందం. చిప్ప సాంద్రత సుమారు 2.7. ఆ లెక్కన బిళ్ల ఒక్కోటి 0.85 గ్రాము, తొమ్మిదీ కలిపి దాదాపు 7.6 గ్రాములు. మిగిలిన లోహం 22.4 గ్రాములు. లెక్క సులువుగా ఉండటానికి మేలిమి గ్రాము పదివేల రూపాయలు అనుకుందాం.

ఇంట్లోవాళ్ల మనసులో ఉండే లెక్క: ముప్పై గ్రాములూ మన 22 క్యారట్ల బంగారమే. అంటే 27.48 గ్రాముల మేలిమి, ₹2,74,800.

నగ 19వ శతాబ్దపు బ్రిటిష్ 15 క్యారట్లది అయితే: 22.4 గ్రాముల్లో నూటికి 62.5 పాళ్లు, సరిగ్గా 14 గ్రాముల మేలిమి. ₹1,40,000. దాదాపు సగానికి పడిపోయింది. కొట్టువాడు దోచుకున్నాడన్న అనుమానం మొదలయ్యేది ఇక్కడే, కానీ ఇందులో దోపిడీ ఏమీ లేదు.

9 క్యారట్లది అయితే: 8.4 గ్రాములు, ₹84,000.

వెండి తీగ మీద బంగారు పూత అయితే: బంగారం లెక్కలోకే రాదు, వెండి ధరే. తీగపనిలో ఈ నాలుగో రకం మనం అనుకునేదానికన్నా ఎక్కువ. పూత అనగానే మనకు చిలకలపూడి సరుకు గుర్తొచ్చి చులకన కలుగుతుంది గానీ, పూత వేసిన వెండి తీగపనిలో మహా పనిమంతుల చేతివాటం ఉన్నవి చాలా ఉన్నాయి. లోహం చౌక, పని గొప్ప.

పై లెక్కల్లో టంకాన్ని పట్టించుకోలేదు. టంకం తీగ కన్నా ముందు కరగాలి, అందుకని దాని వన్నె తక్కువే ఉంటుంది. మామూలు గొలుసులో అతుకులు కొన్నే. తీగపనిలో వందలు. కాబట్టి తీగ 18 క్యారట్లదే అయినా నగ మొత్తం కరిగిస్తే వచ్చే ముద్ద వన్నె కొంత తగ్గుతుంది. "ముద్ర ఒకటి, కరిగిస్తే వచ్చింది ఒకటి" అన్న తగువు ఎక్కువగా ఇక్కడిదే.

యంత్రం చెప్పేదానికీ హద్దు ఉంది

ఇప్పుడు చాలా కొట్లలో ఎక్స్‌రే యంత్రం ఉంది. నగను లోపల పెడితే అర నిమిషంలో ఇంత శాతం బంగారం, ఇంత వెండి, ఇంత రాగి అని అంకెలు వస్తాయి. అది చూసేది పైపొరను. మందంగా పూత ఉంటే పూతనే చదివి పొంగిపోతుంది. తీగపనిలో కిరణం సగం ఖాళీలోంచి పోతుంది, మిగతా సగం తీగకు తగిలిందో టంకానికి తగిలిందో చెప్పలేం. ఒకే నగలో మూడుచోట్ల మూడు అంకెలు రావడం యంత్రం లోపం కాదు. గీటురాయిదీ అదే బాధ. పైన గీసింది పైన ఉన్నదాన్నే చెబుతుంది, పైగా అంత సన్నతీగను గీయడమే ఒక నష్టం.

నీళ్లలో తూచి సాంద్రత చూసే పాత ఉపాయం ఇక్కడ నవ్వులపాలవుతుంది. పైన చెప్పిన 15 క్యారట్ల హారాన్నే తీసుకోండి. లోహం సాంద్రత 14 అనుకుంటే దాని పరిమాణం 1.6 ఘన సెంటీమీటర్లు, చిప్పలది 2.8. మొత్తం సాంద్రత 6.8 వస్తుంది. ఇనుము సాంద్రత 7.9. అంటే నిజమైన బంగారు హారం ఇనుము కన్నా తేలికైనదని లెక్క వస్తుంది. తీగల సందుల్లో చిక్కుకునే గాలి బుడగల సంగతి ఇంకా లెక్కలోకి తీసుకోనేలేదు.

మరి ముద్రలు? మన ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వేయించే వన్నె ముద్ర, అంటే హాల్‌మార్కు, బంగారు నగలకు మొదలైందే 2000లో. 2021 జూన్ 16 నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ లేకుండా కొట్లు బంగారు నగలు అమ్మకూడదన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. ఇవన్నీ అమ్మే కొట్టుకు వర్తించేవి. ఇంట్లో ఉన్న ముత్తవ్వ నగకు ముద్ర లేకపోవడం తప్పూ కాదు, అది నకిలీ అనడానికి రుజువూ కాదు. కుందన్, పోల్కీ, జడావు నగలకు మన దగ్గర మినహాయింపు ఉన్నట్టే, 18వ శతాబ్దపు ఇంగ్లండ్ చట్టాలు తీగపనిలాంటి సున్నితమైన వస్తువులకు ముద్ర నుంచి మినహాయింపు ఇచ్చాయి. ముద్ర గుద్దితే నలిగిపోయే వస్తువు మీద ఎక్కడ గుద్దుతారు?

ముద్ర ఉంటే మాత్రం అది బంగారం గురించి కన్నా కాలం గురించి బాగా చెబుతుంది. ఫ్రాన్సులో 18 క్యారట్ల బంగారానికి గద్ద తల ముద్ర 1838లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. కాబట్టి అది 'అంతకు ముందు కాదు' అని మాత్రమే చెప్పగలదు. బ్రిటన్‌లో 15 క్యారట్ల ప్రమాణం 1854లో వచ్చి 1932లో రద్దయింది. అది మొదలూ తుదీ రెండూ చెబుతుంది. చిన్న ముద్రే, కానీ ఇంట్లో చెప్పుకునే ఏ కథ కన్నా గట్టి సాక్షి. హారాన్ని మెడ వెనక తగిలించే కొక్కెం మీద ఉన్న ముద్ర ఆ కొక్కెం వయసునే చెబుతుందన్నది ఇక్కడ మెలిక. హారాల్లో ముందుగా అరిగి మారేది కొక్కెమే. పాత హారానికి కొత్త కొక్కెం, ఒక్కోసారి కొత్త హారానికి పాత కొక్కెం.

కరిగించాలా, అలాగే ఉంచాలా

ఈ విషయంలో రెండు వాదనలున్నాయి. రెంటిలోనూ పస ఉంది.

మన కుటుంబాల్లో బంగారం ముందు ఆస్తి, తర్వాతే అలంకారం. ఆసుపత్రి ఖర్చుకు, పిల్ల పెళ్లికి, పొలం కాగితాలు విడిపించుకోవడానికి పనికిరాని నగ నగే కాదని పెద్దవాళ్లు అనేది ఊరికే కాదు. వాళ్ల దృష్టిలో తీగపనికి మూడు లోపాలు: కొనేటప్పుడు మజూరీ ఎక్కువ, అమ్మేటప్పుడు ఆ మజూరీ సున్నా, వేసుకుంటే చీర దారాలు లాగుతుంది. పట్టుచీర జరీ తీగ చుట్టల్లో ఇరుక్కుంటే చీర పోతుందో నగ పోతుందో తెలియదు. ఇది అనుభవం మీద వచ్చిన మాట.

అవతలివాళ్లు చెప్పేది వేరు. 14 గ్రాముల మేలిమి ఎప్పుడైనా దొరుకుతుంది, రెండు శతాబ్దాల నాటి తీగపని దొరకదు. కరిగించిన మరుక్షణం లోహం ధర తప్ప మిగతాదంతా ఆవిరవుతుంది. అయితే ఈ వాదన చేసేవాళ్లు ఒక సంగతిని చప్పుడు చేయకుండా దాటేస్తారు: పనితనానికి ధర ఇచ్చే కొనుగోలుదారు మన వీధి చివర ఉండడు. వేలంపాట సంస్థనో, సేకర్తనో వెతకాలి, నెలలు పడుతుంది, కమీషన్ పోతుంది, ఒకవేళ అమ్ముడుపోకపోవచ్చు. రేపు ఉదయానికి డబ్బు కావాల్సినవాడికి ఆ విలువ ఉన్నా లేనట్టే.

నా మట్టుకు నాకు, కరిగించడానికి ముందు ఒక్కసారి భూతద్దం కింద పెట్టి చూడటం, వెనకా ముందూ ఫొటోలు తీయించడం దండగ ఖర్చు అనిపించదు. చూశాక అది నొక్కుడు రేకు అని తేలితే కరిగించుకోవడానికి అడ్డేముంది?

అక్కచెల్లెళ్ల పంపకం వచ్చినప్పుడు ఇంకో చిత్రమైన లెక్క బయటపడుతుంది. తొమ్మిది బిళ్లల హారాన్ని 'న్యాయంగా' నాలుగున్నర చొప్పున కోయలేరు. నాలుగు ఒకరికి, నాలుగు ఒకరికి, నడిమి పెద్ద బిళ్ల లాకెట్టుగా తల్లికి అని కోయిస్తే తూకం ప్రకారం ఎవరికీ నష్టం లేదు, మేలిమి 14 గ్రాములు 14 గ్రాములుగానే ఉంది. హారం మాత్రం లేదు. ఒకరు హారం ఉంచుకుని మరొకరికి సొమ్ము ఇవ్వాలనుకున్నప్పుడు, ఏ ధర మీద ఇవ్వాలన్నది మళ్లీ పై నాలుగు అంకెల దగ్గరికే వస్తుంది.

డల్లాస్ విమానం, నూరేళ్ల గీత

ఆ అక్కచెల్లెళ్లలో ఒకరు అమెరికాలో ఉండి, హారాన్ని అక్కడికి తీసుకెళ్లాలనుకున్నారనుకోండి. అప్పుడు చట్టం ప్రవేశిస్తుంది. మొదట్లో అన్న 'యాంటిక్విటీ' ఈ చట్టంలోదే: పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972లో వచ్చి 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. నూరేళ్లకు తక్కువ కాకుండా ఉనికిలో ఉన్న కళాకృతి, చేతిపని వస్తువు దాని నిర్వచనంలోకి వస్తుంది. అలాంటిదాన్ని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన సంస్థకూ తప్ప ఎవరికీ లేదు. దాటిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. దేశం లోపల సొంతానికి ఉంచుకోవడంలో తప్పు లేదు. పురావస్తువుల వ్యాపారం చేయాలంటే మాత్రం లైసెన్సు ఉండాలి.

చాలామంది తడబడేది ఇక్కడ: "ఇది ప్యారిస్‌లో చేసిందండీ, మన పురావస్తువు ఎలా అవుతుంది?" నిర్వచనంలో వస్తువు ఎక్కడ తయారైందన్న షరతు లేదు. ఎన్నేళ్లుగా ఉన్నదన్నదే ఉంది. 1835లో ప్యారిస్‌లో చేసిన హారం రాజమండ్రి బీరువాలో ఉన్నా దాని వయసు దానిదే. అనుమానం ఉన్న వస్తువు పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నిపుణులు చూసి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి ఉంది. చిత్రంగా అప్పటిదాకా 'మాది నిజమైన పాత హారం' అని వాదించిన కుటుంబమే ఆ బల్ల ముందు నిలబడి 'అంత పాతదేం కాదు' అని నిరూపించుకోవాలనుకుంటుంది.

అక్కడ మళ్లీ ఆ చిన్న 15 క్యారట్ల ముద్ర దగ్గరికి వస్తాం. ముద్ర నిజమైనదై, హారం మీదే ఉంటే అది 1854, 1932 మధ్యది. అందులో 1920 నాటి హారం ఇప్పటికే నూరేళ్ల గీత దాటేసింది, 1931 నాటిది ఇంకా ఈవలే ఉంది. ముద్ర ఒక్కటే చూసి ఏది ఏదో చెప్పలేం కాబట్టి తీగ, చుట్ట, బిళ్ల బిగించిన తీరు అన్నీ చూడాల్సి వస్తోంది. ఇంకొన్నేళ్లకు ఆ శ్రమ ఉండదు. 2032 గడిచాక ఆ ముద్ర ఉన్న ప్రతి హారమూ, చూసే పని లేకుండానే, గీతకు ఆవల ఉంటుంది.